వృత్తి సంఘం కార్యాలయంలో ఉద్యోగం: తిరుపతి నుంచి ఒక సమీక్ష

తిరుపతిలో హోటళ్ల గురించి, ట్రావెల్స్ గురించి, ఆసుపత్రుల గురించి సమీక్షలు రాసేవారికి కొదవ లేదు. ఈ ఊళ్లో వైద్యులకు, ఆడిటర్లకు, ఇంజనీర్లకు, న్యాయవాదులకు, భవన నిర్మాతలకు విడివిడిగా వృత్తి సంఘాలు ఉన్నాయని, వాటిలో కొన్నింటికి సొంత కార్యాలయాలు, ఆ కార్యాలయాల్లో నెల జీతానికి పనిచేసే మనుషులు ఉన్నారని మాత్రం సభ్యులకు తప్ప బయటివారికి అంతగా తెలియదు. అలాంటి ఒక సంఘం శాఖలో కొన్నేళ్లు ఆఫీసు మేనేజరుగా పనిచేసినవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ సంఘం పేరు చెప్పను. చెప్పవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే చిత్తూరులోనూ నెల్లూరులోనూ వేరే సంఘాల్లో ఇదే పని చేస్తున్నవారితో మాట్లాడితే లెటర్‌హెడ్ మీది బొమ్మ తప్ప మిగతా కథంతా ఒకటేనని తేలింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఉద్యోగంలోని మంచికీ చెడుకీ మూలం ఒక్కటే: ఇక్కడ యజమాని అంటూ ఒక మనిషి ఉండడు. చందా కట్టిన ప్రతి సభ్యుడూ యజమానే, ఆ యజమానులు ఏటా తమలో కొందరిని ఎన్నుకొని పెత్తనం అప్పగిస్తారు, ఎన్నికైనవారు తమ ప్రాక్టీసు చూసుకోగా మిగిలిన సమయంలో జీతం లేకుండా సంఘం పని చూస్తారు. ఉద్యోగికి దొరికే స్వేచ్ఛ, గౌరవం, పరిచయాలు ఈ ఏర్పాటు వల్లే దొరుకుతాయి. జీతం కదలకపోవడం, పైకి వెళ్లే మెట్టు లేకపోవడం, ఏటా కొత్త మనిషి పద్ధతికి అలవాటు పడవలసి రావడం కూడా దానివల్లే జరుగుతాయి. ఒకటి కావాలి, రెండోది వద్దు అనుకొని చేరినవారు ఎక్కువకాలం నిలవలేదు.

చేరాలనుకునేవారు మొదట తెలుసుకోవలసింది ఆ సంఘం ఏ జాతిదన్నది. చట్టం పుట్టించిన సంస్థలు కొన్ని ఉన్నాయి. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949 నాటి చట్టం కింద ఏర్పడింది, దక్షిణాది ప్రాంతీయ మండలి చెన్నైలో ఉంది, తిరుపతి శాఖ దాని కిందకు వస్తుంది. న్యాయవాదులకు 1961 చట్టం కింద బార్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఈ సంస్థల్లో పేరు నమోదు కాకుండా ఆ వృత్తి చేయడానికే వీల్లేదు కాబట్టి సభ్యత్వం ఇష్టాయిష్టాలతో పనిలేని వ్యవహారం. రెండో రకం స్వచ్ఛంద సంఘాలు: 1928లో మొదలైన ఇండియన్ మెడికల్ అసోసియేషన్, 1920లో స్థాపితమైన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వంటి జాతీయ సంస్థలు, ఇంకా కోర్టు ఆవరణల్లోని న్యాయవాదుల సంఘాలు, ఊరి స్థాయిలో సొసైటీల చట్టం కింద రిజిస్టరు చేసుకున్న చిన్న సంఘాలు. వీటిలో చేరకపోయినా వృత్తికి అడ్డు లేదు. అందువల్ల సభ్యుడిని చేర్చుకోవడం, చేరినవాడు జారిపోకుండా చూసుకోవడం కార్యాలయం మెడకు చుట్టుకునే పని అవుతుంది. జాతీయ కార్యాలయాల్లో ప్రకటన వేసి, పోటీ పెట్టి, జీతాల స్కేలు ప్రకారం ఉద్యోగులను తీసుకుంటారు. శాఖల్లో నేను చూసినంతవరకు కార్యదర్శిగారికి తెలిసినవారు చెబితే పిలిచి మాట్లాడి తీసుకుంటారు. ఈ సమీక్ష శాఖల్లోని ఆ తరహా ఉద్యోగం గురించే.

పని ఏమిటని అడిగితే ఒక్క మాటలో చెప్పడం కష్టం. సభ్యుల రిజిస్టరు నడపాలి, చందాలు వసూలు చేసి రసీదులు రాయాలి, కార్యవర్గ సమావేశానికి అజెండా తయారుచేసి ముందుగా పంపాలి, సమావేశంలో కూర్చొని మినిట్స్ రాయాలి, సర్వసభ్య సమావేశం అయ్యాక కొత్త కార్యవర్గం జాబితాను, లెక్కలను సొసైటీల రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. హాలు అద్దెకు ఇచ్చే సంఘమైతే ఆ బుకింగులు, జనరేటరు డీజిలు, వాచ్‌మన్ సెలవులు కూడా మనవే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా విడిగా ఏర్పడి, నెల్లూరు జిల్లా నుంచి గూడూరు, సూళ్లూరుపేట వైపు మండలాలు ఇటు వచ్చినప్పుడు, అక్కడి సభ్యులు ఏ శాఖ కిందకు రావాలన్న ప్రశ్న మా దగ్గర చాలా సమావేశాలను తినేసింది. జిల్లా మారింది గాని వారి స్నేహాలు, చందా బాకీలు నెల్లూరులోనే ఉన్నాయి మరి. చివరకు ఎవరి ఇష్టం వారిదన్నారు, రిజిస్టరులో చిరునామాలు మార్చే పని మాత్రం కార్యాలయానికి మిగిలింది.

ఇన్ని రకాల పని ఒక్క మనిషి చేతి మీదుగా నడవడమే ఈ ఉద్యోగంలోని మొదటి మేలు. పెద్ద కంపెనీలో చేరిన డిగ్రీ కుర్రవాడు ఏళ్ల తరబడి ఒకే ఎక్సెల్ షీటు ముందు కూర్చోవచ్చు. ఇక్కడ ఏడాది తిరిగేసరికి ఉత్తరం ఎలా రాయాలో, తీర్మానం ఏ పదాలతో ఉండాలో, ఆడిటరు ఏ వోచరు అడుగుతాడో, మున్సిపల్ కార్పొరేషన్‌లో ఆస్తి పన్ను కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో తెలిసిపోతుంది. జీఎస్టీ వ్యవహారమే చూడండి. 2021 ఆర్థిక చట్టంతో జీఎస్టీ చట్టంలో ఒక సవరణ తెచ్చి, సంఘం తన సభ్యులకు డబ్బు తీసుకొని చేసే సేవను కూడా పన్ను కిందకు లాగారు, దాన్ని 2017 జూలై నుంచే వర్తించేలా రాశారు. మన డబ్బు మనమే పోగుచేసుకొని మనకోసమే ఖర్చుపెట్టుకుంటుంటే మధ్యలో 18 శాతం ఎవరికి అని ప్రతి సభ్యుడూ అడిగాడు, అడిగింది కౌంటరులో ఉన్న ఉద్యోగినే. ఆ జవాబు చెప్పడం కోసం ఆ సవరణను ఒకటికి రెండుసార్లు చదివి అర్థం చేసుకున్నవాడికి తర్వాత ఏ ఆఫీసులోనైనా అకౌంట్స్ పని భయం పుట్టించదు. నాతో పనిచేసిన అమ్మాయి ఒకరు ఇక్కడ నేర్చుకున్న పనితోనే ఒక ప్రైవేటు ఆసుపత్రి పరిపాలన విభాగంలో మంచి జీతానికి చేరింది.

రెండో మేలు పరిచయాలు. ఇది చిన్న విషయం కాదు, ముఖ్యంగా తిరుపతి వంటి ఊళ్లో. వైద్యుల సంఘంలో పనిచేసేవాడి తల్లికి ఛాతీలో నొప్పి వస్తే స్విమ్స్‌కు తీసుకెళ్లాలా, రుయాకు తీసుకెళ్లాలా, ఎవరిని కలవాలి అన్న సందేహంతో అరగంట పోదు, ఒక ఫోనుతో తేలుతుంది. ఆడిటర్ల సంఘంలో పనిచేసేవాడు తన బావమరిది దుకాణం రిటర్నుల కోసం ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. పెద్ద డిగ్రీలున్న సభ్యులు మనల్ని పేరుపెట్టి పిలుస్తారు, ఇంట్లో శుభకార్యం అంటే వస్తారు. అయితే ఇక్కడే ఒక గీత ఉంది. ఫీజు తీసుకోకుండా చూసిన డాక్టరుగారు మర్నాడు అర్ధరాత్రి సర్క్యులర్ కావాలంటే కాదనడం కష్టం. సహాయం ఎవరూ లెక్క రాసి పెట్టుకోరు గాని, ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంటుంది.

పనివేళల సంగతి చేరేటప్పుడు ఎవరూ సరిగా చెప్పరు. నియామక పత్రం ఇస్తే గిస్తే అందులో పది నుంచి ఐదున్నర అని ఉంటుంది. కాని సభ్యులకు పగలంతా ప్రాక్టీసు ఉంటుంది. డాక్టరు సాయంత్రం ఓపీ ముగించాలి, ఆడిటరు క్లయింటును పంపించాలి, వకీలు మర్నాటి కేసుల కట్టలు చూసుకోవాలి. అందుకే సంఘానికి ప్రాణం వచ్చేది రాత్రి ఎనిమిది తర్వాత. కార్యవర్గ సమావేశం ఎనిమిదిన్నరకు అని సర్క్యులర్‌లో రాస్తే కోరం పూర్తయ్యేసరికి తొమ్మిది దాటుతుంది, తర్వాత భోజనాలు, భోజనాల దగ్గర అసలు చర్చ. ఇక నిరంతర విద్యా కార్యక్రమాలు ఆదివారాలే జరుగుతాయి. వైద్యులు ఐదేళ్లలో కనీసం 30 గంటలు ఇటువంటి కార్యక్రమాల్లో పాల్గొనాలని 2002 నాటి నియమావళి చెబుతుంది కాబట్టి హాజరు పట్టిక, సర్టిఫికెట్ల మీద అందరికీ పట్టింపు ఎక్కువ. సంతకం పెట్టి కాఫీ తాగి వెళ్లిపోయినవారు కూడా సర్టిఫికెట్ కోసం సోమవారం పొద్దున్నే ఫోను చేస్తారు. రాత్రి పదకొండుకు తలుపు తాళం వేసిన ఉద్యోగి మర్నాడు పదికి మళ్లీ తలుపు తీయాలి. పొద్దుటి పూట ఆఫీసు ఖాళీగా ఉంటుంది కదా అన్నది కార్యవర్గం వాదన. అది నిజమే, పగలు మూడు గంటలు ఫ్యాను కింద తీరికగా పేపరు చదువుకున్న రోజులు ఉన్నాయి. పిల్లల్ని బడి నుంచి తెచ్చుకోవలసిన ఆడవారికి మాత్రం ఈ తలకిందుల కాలపట్టిక కుదరదు, చాలామంది మానేసింది అందుకే.

జూలై 1 అంటే ఏమిటో ఈ ఉద్యోగం చేసినవారికి వేరే చెప్పక్కర్లేదు. బిధాన్ చంద్ర రాయ్ జయంతి కాబట్టి అది వైద్యుల దినోత్సవం, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ పుట్టినరోజు కాబట్టి ఆడిటర్ల దినోత్సవం కూడా అదే. ఊళ్లో రెండు సంఘాలూ ఒకే సాయంత్రం హాలు, ఒకే శాలువాల దుకాణం, ఒకే కేటరింగు కోసం పోటీ పడతాయి. సెప్టెంబరు 15 విశ్వేశ్వరయ్య జయంతి ఇంజనీర్లది, డిసెంబరు 3 రాజేంద్రప్రసాద్ జయంతి న్యాయవాదులది. ఫ్లెక్సీలో అధ్యక్షుడి ఫొటో కార్యదర్శి ఫొటోకన్నా ఎంత పెద్దగా ఉండాలన్న విషయంలో నాకు వచ్చినంత నైపుణ్యం మరి దేనిలోనూ రాలేదని మా ఇంట్లో ఇప్పటికీ అంటారు.

ఇక అసలు కష్టానికి వద్దాం. మా సంఘంలో కార్యవర్గం గడువు ఒక సంవత్సరం. చాలా శాఖల్లో ఏడాది, కొన్నిచోట్ల రెండేళ్లు. ప్రతి అధ్యక్షుడూ తన ఏడాదిలో ఏదో ఒకటి చేసి చూపాలన్న పట్టుదలతో వస్తాడు, అది సహజం. ఒకరు వచ్చి సభ్యుల వివరాలన్నీ కంప్యూటరులో ఎక్కించాలంటారు. సగం ఎక్కేసరికి వారి ఏడాది అయిపోతుంది. తర్వాతివారు మొబైల్ యాప్ కావాలంటారు, యాప్ చేసేవాడికి అడ్వాన్సు ఇచ్చేలోగా వారూ దిగిపోతారు. మూడోవారికి ఈ రెండూ నచ్చవు, ముద్రించిన డైరెక్టరీ కావాలి. ఈ మూడు పనులూ ఎందుకు మొదలయ్యాయో, ఎక్కడ ఆగాయో, ఎవరికి ఎంత ముట్టిందో తెలిసిన మనిషి ఉద్యోగి ఒక్కడే. సంఘానికి జ్ఞాపకశక్తి అంటూ ఏదైనా ఉంటే అది అతడి తలలోనే ఉంటుంది. కాని సమావేశంలో అతడికి మాట లేదు. అడిగితే చెప్పాలి, అడగకపోతే మినిట్స్ రాసుకోవాలి. పాత తీర్మానానికి పూర్తి విరుద్ధమైన తీర్మానం కళ్లముందే ఆమోదం పొందుతుంటే, కార్యదర్శిగారి చెవిలో మెల్లగా ఒక మాట వేయడమా, ఊరుకోవడమా అన్న నిర్ణయం క్షణంలో చేయవలసి వస్తుంది. కొందరు కార్యదర్శులు ఆ మాటకు కృతజ్ఞత చూపుతారు. కొందరు, 'పాతవాళ్ల మనిషి' అని ముద్ర వేస్తారు.

దీనికి తోడు బ్యాంకు. ఈ సంగతి బయటివారికి చెబితే నమ్మరు. సంఘం ఖాతాలో సాధారణంగా అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురిలో ఇద్దరి సంతకాలు ఉండాలి. ఎన్నికలయ్యాక కొత్తవారి పేర్లతో తీర్మానం నకలు, పాన్, ఆధార్, ఫొటోలు బ్యాంకులో ఇచ్చి సంతకాలు మార్పించుకునేదాకా చెక్కు చెల్లదు. కొత్త కోశాధికారి ఆపరేషన్ థియేటరులో ఉంటారు, కొత్త అధ్యక్షుడు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఉంటారు, బ్యాంకువారు తీర్మానంలో ఒక ఇంటిపేరు పొడి అక్షరాలు ఆధార్‌తో కలవలేదని తిప్పి పంపుతారు. ప్రమాణస్వీకారోత్సవం ఘనంగా జరిగిన నెలలోనే ఉద్యోగుల జీతాలు ఆగుతాయి. ఎవరి దురుద్దేశమూ ఇందులో ఉండదు. జీతం అందుకోవలసినవాడే ఆ కాగితాలు పట్టుకొని మూడు క్లినిక్కుల చుట్టూ తిరిగి సంతకాలు పెట్టించుకుంటాడు. పాత కార్యవర్గం దిగిపోయే ముందే రాబోయే నెలల జీతాలు వాటంతట అవే జమయ్యేలా బ్యాంకుకు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ రాసి ఇస్తే ఈ బాధ ఉండదు. దీన్ని మా దగ్గర ఒక కోశాధికారి ఆలోచించి చేశారు, ఆ తర్వాతివారు రద్దు చేశారు.

ఎన్నికల కాలం గురించి కూడా చెప్పాలి. వెయ్యి మందికి లోపే ఓటర్లు ఉన్న సంఘంలో ఎన్నిక అసెంబ్లీ ఎన్నికకన్నా గట్టిగా జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ అందరూ అందరికీ తెలుసు. కులం, కాలేజీ బ్యాచ్, ప్రభుత్వ ఉద్యోగులు ఒకవైపు ప్రైవేటు ప్రాక్టీసువారు మరొకవైపు, ఇక్కడి ఎస్వీ కాలేజీల్లో చదివినవారు ఒకవైపు బయటి రాష్ట్రాల్లో చదివినవారు మరొకవైపు, ఇలా అన్నీ లెక్కలోకి వస్తాయి. చందా బాకీ ఉన్నవారికి ఓటు లేదని బైలాలో, అంటే సంఘం నియమావళిలో ఉంటుంది, బాకీ ఎవరికి ఉందో చెప్పే రిజిస్టరు ఉద్యోగి దగ్గర ఉంటుంది. గడువు ముగిసే సాయంత్రం ఒకే మనిషి ముప్పైమంది చందాలు నగదుగా తెచ్చి బల్లమీద పెడితే రసీదులు ఎవరి పేరున రాయాలి? బైలాలో దీనికి జవాబు ఉండదు. రాస్తే ఒక వర్గానికి కోపం, రాయకపోతే రెండో వర్గానికి. అలాంటప్పుడు కార్యదర్శి నుంచి రాతపూర్వకంగా ఆదేశం తీసుకొని, అందిన సమయం రసీదు మీద వేసి, నకలు దగ్గర పెట్టుకోవడం ఒక్కటే మార్గం. ఈ క్రమశిక్షణ ఉన్నవారికి రెండు వర్గాలూ గౌరవం ఇస్తాయి. ఓటర్ల జాబితాను ఒక్కరికి ముందుగా చూపించినవాడి ఉద్యోగం మాత్రం ఎవరు గెలిచినా నిలవదు.

తిరుపతిలో ఈ ఉద్యోగం చేయడానికి, విజయవాడలో చేయడానికి ఉన్న తేడా దర్శనం. రాష్ట్రంలో ఏ మూల సభ్యుడైనా కొండకు రావాలనుకుంటే అతడికి మొదట గుర్తొచ్చేది సంఘం తిరుపతి శాఖ ఫోను నంబరే. 'ఏమండీ, మావాళ్లు ఆరుగురు రేపు తెల్లవారుజామున దిగుతున్నారు, దర్శనానికి, రూములకు ఏమైనా చూడగలరా?' అన్న ఫోను వారంలో ఎన్నిసార్లు వస్తుందో చెప్పలేను. వృత్తి సంఘం లెటర్‌హెడ్‌కు కొండమీద ఏ విలువా లేదని, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలై అయిపోతాయని, బ్రేక్ దర్శనం సిఫార్సు లేఖలు ఎమ్మెల్యేలు, ఎంపీల వంటివారివే చెల్లుతాయని, బ్రహ్మోత్సవాల రోజుల్లో అవి కూడా చెల్లవని ఎంత ఓపికగా చెప్పినా, అవతలివారికి అది వంకలా వినిపిస్తుంది. తిరుపతిలో ఉండి దర్శనం చేయించలేని మనిషి ఏం మనిషి అన్నది వారి భావన. మా అటెండరు మాత్రం దీనికి తనదైన జవాబు కనిపెట్టాడు: 'శ్రీనివాసంలోనో, విష్ణునివాసంలోనో టోకెన్లు ఇస్తా ఉండారు సార్, తెల్లారుజామున పోయి క్యూలో నిలబడండి, నేనూ అట్లనే పోతా.' ఆ జవాబు విన్నాక మళ్లీ అడిగినవారు లేరు. రాష్ట్ర కార్యవర్గంలోని పెద్దలు వస్తే మాత్రం అటెండరు జవాబు పనికిరాదు. రేణిగుంట విమానాశ్రయానికి కారు పంపడం నుంచి లడ్డూల సంచి రైలు పెట్టెలో సర్దడం దాకా చూసుకోవాలి. ఈ పని నియామక పత్రంలో ఉండదు, కాని సంవత్సరం చివర ఉద్యోగి ఎలా పనిచేశాడన్న అంచనా చాలావరకు దీనిమీదే ఉంటుంది. నా దృష్టిలో తిరుపతి శాఖలో ఉద్యోగానికి ఇదే అతిపెద్ద లోపం.

అదే కొండ మహాసభల విషయంలో వరంగా మారుతుంది. రాష్ట్ర మహాసభ తిరుపతిలో అంటే ప్రతినిధులు కుటుంబాలతో సహా వస్తారు, రిజిస్ట్రేషన్లకు వెతుక్కోనక్కరలేదు. తేదీలు వేయడంలోనే తెలివి ఉంది. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, వేసవి సెలవులు తప్పించకపోతే హోటల్ గది దొరకదు, దొరికినా ధర మండిపోతుంది. హాజరు పట్టికలో ఎనిమిది వందల పేర్లున్న సభలో రెండో రోజు మధ్యాహ్నం ఉపన్యాసానికి ముందు వరుసలో ఉండేది ఉపన్యాసకుడి బంధువులే, మిగతావారు క్యూ కాంప్లెక్సులో ఉంటారు. వైద్య రంగంలో స్టాళ్లు, కానుకల తీరు కూడా మారింది. 2024 మార్చిలో కేంద్రం ఔషధ కంపెనీల మార్కెటింగ్ నియమావళిని ప్రకటించి వైద్యులకు కానుకలు కూడదంది, క్యాలెండర్లు, డైరీల వంటి వస్తువుల విలువ ఒక్కోటి 1,000 రూపాయలు దాటకూడదంది. అంతకుముందు డెలిగేట్ కిట్ బరువును బట్టి సభను మెచ్చుకునేవారికి ఇది నచ్చలేదు గాని, సంచులు లెక్కపెట్టే పని తగ్గినందుకు కార్యాలయం సంతోషించింది. ఒక మహాసభ బాగా జరిపితే మిగిలే డబ్బు శాఖను రెండు మూడేళ్లు నడుపుతుంది. ఆ నెలల్లో నిద్ర ఉండదు, కాని ఈ ఉద్యోగంలో నిజంగా పని నేర్పేవి కూడా ఆ నెలలే.

డబ్బు మాట వచ్చింది కాబట్టి జీతం దగ్గరికి వద్దాం. శాఖలకు ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో చూస్తే జీతం ఎందుకు పెరగదో అర్థమవుతుంది. చాలామంది సభ్యులు ఒకేసారి డబ్బు కట్టి జీవిత సభ్యులవుతారు. కట్టినదానిలో పెద్ద వాటా రాష్ట్ర, జాతీయ కార్యాలయాలకు పోతుంది, శాఖకు మిగిలిన ముక్క ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్తుంది. ఇక ఆ సభ్యుడినుంచి ఏటా వచ్చేది ఏమీ ఉండదు, సేవలు మాత్రం జీవితాంతం చేయాలి. కాబట్టి జీతాలు డిపాజిట్ వడ్డీ మీద, హాలు అద్దె మీద, మహాసభలో మిగిలిన దానిమీద ఆధారపడతాయి. సొంత భవనం లేని శాఖలో ఇవేవీ ఉండవు. పైగా జీతం పెంచాలంటే కార్యవర్గం తీర్మానించాలి. ఆ అంశం అజెండాలో చివర 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు' కింద వస్తుంది, అప్పటికి భోజనాల పిలుపు వస్తుంది. వచ్చే నెల చూద్దాంలే అన్న మాట మినిట్స్‌లో నా చేత్తోనే రాశాను.

భద్రత సంగతి ఇంకా సున్నితమైనది. చట్టప్రకారం ప్రావిడెంట్ ఫండు తప్పనిసరి కావాలంటే సంస్థలో 20 మంది ఉద్యోగులు ఉండాలి, ఈఎస్‌ఐకి, గ్రాట్యుటీకి 10 మంది ఉండాలి. శాఖ కార్యాలయంలో మేనేజరు, అకౌంటెంటు, అటెండరు, వాచ్‌మన్ కలిపి నలుగురైదుగురు ఉంటే గొప్ప. అంటే ఈ మూడింటిలో ఏదీ ఉద్యోగిని తాకదు. ఇరవై ఏళ్లు పనిచేసి దిగిపోయినా శాలువా, జ్ఞాపిక, సభ్యులు పోగుచేసి ఇచ్చిన కవరు తప్ప హక్కుగా రావలసింది ఏమీ ఉండకపోవచ్చు. పదిమంది ఉన్న సంస్థలో అయితే ఐదేళ్ల సర్వీసు దాటిన ఉద్యోగికి పూర్తయిన ప్రతి ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీ చట్టమే ఇప్పిస్తుంది. తక్కువ మంది ఉన్నా సంఘం ఇష్టపడితే పీఎఫ్‌లో స్వచ్ఛందంగా చేరవచ్చు. ఎవరు అడుగుతారన్నదే ప్రశ్న. తమ ఆసుపత్రుల్లో, ఆఫీసుల్లో ఉద్యోగులకు ఇవన్నీ సక్రమంగా కట్టే సభ్యులు కూడా సంఘం దగ్గరకు వచ్చేసరికి ఇది సేవా సంస్థ కదా అంటారు. సేవ చేసేది వారు, జీతానికి వచ్చినవాడు ఉద్యోగి. ఈ తేడా ఎన్నిసార్లు గుర్తుచేసినా వారికి కొత్తగానే ఉంటుంది.

ఇన్ని చెప్పాక కూడా ఆ సంవత్సరాలు వృథా అయ్యాయని అనలేను. సభ్యులు తలా కొంత వేసుకొని నడిపే కుటుంబ సహాయ పథకం ఒకటి మా సంఘంలో ఉండేది. సభ్యుడు పోయిన కొద్ది వారాల్లో ఆ చెక్కు భార్యకో, తల్లిదండ్రులకో అందాలి. చిన్న వయసులో పోయిన ఒక సభ్యుడి ఇంటికి మదనపల్లె వైపు వెళ్లి ఆ కాగితాలు పూర్తిచేయించినప్పుడు, అంతకుముందు నెలలో ఫ్లెక్సీల కొలతల మీద జరిగిన రగడంతా పక్కకు పోయింది. 2021 నవంబరు వానలకు ఊళ్లోకి నీళ్లు వచ్చినప్పుడు, ఎన్నికల్లో మొహాలు చూసుకోని రెండు వర్గాలవారు ఒకే వ్యానులో మందుల పెట్టెలు వేసుకొని వెళ్లారు, జాబితా రాసింది మా కార్యాలయమే. ఏ కంపెనీలోనూ ఇలాంటి పని మన చేతికి రాదు. వృత్తిలో తలపండినవారు ఉపన్యాసాల మధ్య విరామంలో మాట్లాడుకునేది పక్కన నిలబడి వినడం కూడా ఒక చదువే. పేగుల ఆపరేషను గురించి, ఆదాయపు పన్ను అప్పీళ్ల గురించి అవసరానికి మించి తెలిసిన ఆఫీసు మేనేజర్లు ఈ ఊళ్లో ఉన్నారు.

కాబట్టి ఎవరికి ఇది తగిన ఉద్యోగం అంటే, డిగ్రీ అయి పని నేర్చుకోవాలనుకునే ఇరవైల్లోని వారికి రెండు మూడేళ్లకు తగినది. బ్యాంకులోనో ప్రభుత్వ కార్యాలయంలోనో రిటైరై పింఛను వస్తున్నవారికి ఇంకా బాగా తగినది, ఎందుకంటే వారికి పీఎఫ్ బెంగ లేదు, అధ్యక్షుడు కోపపడితే నవ్వగలరు. ముప్పై ఐదుకూ యాభైకీ మధ్య, ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ఉన్నవారు దీన్ని ఒక్కటే ఆధారంగా పెట్టుకోవద్దని నా సలహా. జాతీయ లేదా ప్రాంతీయ కార్యాలయంలో స్కేలు ఉన్న పోస్టయితే అది వేరే లెక్క, దానికోసం చెన్నై వెళ్లినా తప్పులేదు.

చేరేముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోవాలి. నియామక పత్రం ఇస్తారా, రాత్రి సమావేశాలకు బదులుగా సెలవు ఉందా, కార్యవర్గం మారే నెలలో జీతం ఎవరు ఎలా ఇస్తారు, మీకంటే ముందున్న మనిషి ఎందుకు మానేశాడు. ఈ చివరి ప్రశ్నకు కార్యదర్శి చెప్పే జవాబుకన్నా వాచ్‌మన్ చెప్పే జవాబు నమ్మదగినది. అన్నింటికన్నా ముందు గత మూడేళ్ల వార్షిక నివేదికలు అడగండి. ఆడిట్ అయిన లెక్కలు ఏటా సర్వసభ్య సమావేశంలో పెట్టవలసినవే కాబట్టి వాటిలో దాచేదేమీ ఉండదు. ఖర్చుల వైపు 'సిబ్బంది జీతాలు' అన్న వరుస, దానికింద 'సన్మానాలు, జ్ఞాపికలు' అన్న వరుస ఉంటాయి. మూడేళ్లలో రెండో అంకె పెరుగుతూ మొదటిది అలాగే ఉంటే, కార్యదర్శిగారి కాఫీ తాగి, నమస్కారం చెప్పి వచ్చేయండి.